కంప్యూటర్‌కు రెండో డ్రైవ్ ఎలా తగిలిస్తారు?

డెస్క్‌టాప్ కంప్యూటర్ నిండిపోతే పాత ఫొటోలు చెరిపేయక్కర్లేదు. చాలా కంప్యూటర్ల డబ్బాలో ఫైళ్లు దాచుకునే ఇంకో డ్రైవ్‌కు చోటుంటుంది. డ్రైవ్‌లు దొరికే ఒక పెద్ద బజారు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అంటారు.

కంప్యూటర్ భాగాలన్నిటినీ కలిపే పెద్ద పలక మదర్‌బోర్డు. దానిమీద 'సాటా' అనే సన్నని సాకెట్లు సాధారణంగా 4 నుంచి 6 ఉంటాయి. ప్రతి సాటా డ్రైవ్‌కూ రెండు తీగలు కావాలి. 7 పిన్నుల సన్నది సమాచారాన్ని మోస్తుంది, 15 పిన్నుల వెడల్పుది కరెంటునిస్తుంది. కొనలు 'ఎల్' ఆకారంలో ఉంటాయి కాబట్టి తిరగేసి పెడితే దూరవు. బలవంతం చేస్తే విరుగుతాయి. డబ్బా తెరిచేముందు ప్లగ్గు తీయాలి, పక్కన పెద్దవాళ్లుండాలి.

అన్నీ బిగించినా కొత్త డ్రైవ్ వెంటనే కనబడదేం? అది అరలు కొట్టని బీరువాలాంటిది. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టిక దానిలో ఇంకా లేదు. ఆ పట్టిక వేయడమే ఫార్మాటింగ్. అప్పుడు విండోస్ దానికి డి, ఇ వంటి అక్షరమిస్తుంది. ఫార్మాట్ చేసేటప్పుడు ఏది కొత్తదో తెలియడానికి డ్రైవ్ సైజు చూసుకోవాలి. పొరపాటున పాతదాన్ని ఎంచుకుంటే అందులోని ఫొటోలన్నీ పోతాయి.