కౌంటీ సూపర్‌వైజరు మాటకు విలువెంత?

– ఫైనల్ బి.యస్‌సి. విద్యార్థి

సూపర్‌వైజరు అనగానే మనకు పనివాళ్ళ మీద అజమాయిషీ చేసే ఉద్యోగి కళ్ళ ముందు మెదులుతాడు. కాని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కౌంటీ సూపర్‌వైజరు ఉద్యోగి కాడు, ఓట్లతో గెలిచిన ప్రజాప్రతినిధి. రోడ్డు పాడైనా, వరద వచ్చినా, బావి ఎండినా అక్కడి జనం ముందుగా నిలదీసేది ఆయననే. ఆయన కూడా పత్రికలవాళ్ళ ముందు, సభల్లో తరచుగా ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. ఆ చెప్పే మాటకు అసలు బలం ఎంత? చట్టం ఎంత ఇచ్చింది, జనం ఎంత ఇచ్చారు? ఒక నిజమైన ఉదాహరణతో దీన్ని వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఆ పదవి సంగతి చూద్దాం. కాలిఫోర్నియాలో 58 కౌంటీలు ఉన్నాయి. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా వంటిది. నగరమూ కౌంటీ ఒకటే అయిన శాన్‌ఫ్రాన్సిస్కోలో 11 మంది సూపర్‌వైజర్లు ఉంటారు. మిగిలిన కౌంటీల బోర్డులలో అయిదుగురేసి ఉంటారు, పదవీకాలం నాలుగేళ్ళు. మన దగ్గర జిల్లా పరిషత్తు వేరు, కలెక్టరు వేరు. అక్కడ ఆ బోర్డే స్థానిక శాసనాలు చేస్తుంది, ఆ బోర్డే పాలన చూస్తుంది. బడ్జెట్టు, రోడ్లు, ప్రజారోగ్యం, భూ వినియోగం అన్నీ దాని కిందికే వస్తాయి. పట్టణాలకు వేరే కౌన్సిళ్ళు ఉంటాయి గాని, పట్టణ హోదా లేని పల్లెలకు ఈ బోర్డే దగ్గరి ప్రభుత్వం. అయితే శాంతిభద్రతలు చూసే షెరీఫ్‌ను ప్రజలే విడిగా ఎన్నుకుంటారు కాబట్టి బోర్డు ఆయన మీద పెత్తనం చేయలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన చట్టం గురించి చెప్పాలి. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక దినపత్రిక, స్థానిక సంస్థలు తలుపులు వేసుకుని రహస్యంగా నిర్ణయాలు చేస్తున్నాయని వరుసగా కథనాలు రాసింది. ఆ ఫలితంగా 1953లో రాల్ఫ్ బ్రౌన్ అనే శాసనసభ్యుడి పేరుతో బ్రౌన్ చట్టం వచ్చింది. దాని ప్రకారం బోర్డు సమావేశాలు బహిరంగంగా జరగాలి. మామూలు సమావేశానికి 72 గంటల ముందే ఎజెండా అతికించాలి. ప్రజలకు మాట్లాడే అవకాశం ఇవ్వాలి. అయిదుగురిలో ముగ్గురు కలిసి, ఏ కాఫీ హోటల్లోనో కూర్చుని కౌంటీ వ్యవహారం తేల్చుకుంటే అది నేరం కిందికి కూడా రావచ్చు.

దీనిలో ఒక చమత్కారం ఉంది, గమనించండి. సూపర్‌వైజరు తన తోటి సభ్యులిద్దరితో చాటుగా మాట్లాడితే తప్పు. అదే మాట పత్రికా విలేఖరితో, ఊరందరికీ వినపడేలా చెబితే తప్పు లేదు. అంటే బహిరంగ ప్రకటన అక్కడ ఆర్భాటం కోసం మాత్రమే కాదు. తన మనసులో ఏముందో ప్రజలకు, ప్రజల ద్వారా తోటి సభ్యులకు తెలియజేసే రాజమార్గం అది. కాని చట్టం దృష్టిలో ఒక్క సభ్యుడి మాటకు విలువ సున్నా. బహిరంగ సమావేశంలో కనీసం మూడు ఓట్లు పడితేనే అది బోర్డు నిర్ణయం అవుతుంది.

మాటకు, ఓటుకు ఉన్న ఈ తేడా 2023లో కింగ్స్ కౌంటీలో జరిగిన దానిలో స్పష్టంగా కనపడుతుంది.

కింగ్స్ కౌంటీ 1893లో టులేరీ కౌంటీ నుంచి విడిపోయి ఏర్పడింది. ముఖ్య పట్టణం హాన్‌ఫర్డ్. ఈ కౌంటీలో ఒకప్పుడు టులేరీ సరస్సు ఉండేది. మిసిసిపి నదికి పడమట, వైశాల్యంలో దానికి మించిన మంచినీటి సరస్సు లేదు. సియెర్రా నెవాడా కొండల మంచు కరిగి కింగ్స్, కవీయా, టూల్, కెర్న్ అనే నాలుగు నదులుగా వచ్చి ఈ పల్లంలో చేరేది. మామూలు సంవత్సరాల్లో ఈ నీటికి బయటికి దారి లేదు. ఒడ్డున యోకట్స్ జాతి ప్రజలు తరతరాలుగా జీవించారు. వారిలో తాచి తెగవారు దీనిని ‘పాషి’ అంటారు. తరువాత వచ్చినవాళ్ళు నదులకు కాలువలు తవ్వి, గట్లు పోసి, సరస్సు గర్భాన్ని పొలాలుగా మార్చారు. పత్తి, టమాటో, కుసుమ పండించారు. వీటిలో అత్యధిక భాగం జె.జి. బాస్వెల్ అనే ఒకే కంపెనీ చేతిలో ఉంది. అయినా 1969లో, 1983లో, 1997లో నీళ్ళు తమ పాత ఇంటిని వెతుక్కుంటూ మళ్ళీ వచ్చాయి.

2023లో తుపానుల మీద తుపానులు వచ్చాయి. దక్షిణ సియెర్రాలో మంచు రికార్డు స్థాయిలో పేరుకుంది. మార్చిలో నదులు పొంగాయి. అప్పుడు వచ్చిన తగాదా వ్యవసాయ కుటుంబంలో పుట్టిన నాకు కొత్తగా అనిపించలేదు: గండి ఎక్కడ కొట్టాలి? ఎవరి చేను ముందు మునగాలి?

సరస్సు గర్భం ఒకే పళ్ళెంలా లేదు. లోపల అడ్డుగట్లు వేసి మడులు మడులుగా విభజించారు. నీటిని లోతైన మడిలోకి ముందు వదిలితే మెరక మీది పొలాలు, ఊళ్ళు కొంతకాలం నిలుస్తాయి. లోతైన మడిని పొడిగా ఉంచుకుంటే నీరు వెనక్కి ఎగదన్ని ఇంకొకరి మీద పడుతుంది. నీటి స్వభావం పల్లమెరుగు అని మనం అంటాం. గట్టు ఉన్నచోట నీరు పల్లం ఎరిగినా అక్కడికి పోలేదు, గట్టు యజమాని పోనివ్వాలి.

ఆ రోజుల్లో కింగ్స్ కౌంటీ సూపర్‌వైజరు డగ్ వెర్బూన్ పత్రికలతో తరచుగా మాట్లాడాడు. ఆయన కూడా వ్యవసాయదారుడే. నీటి మళ్ళింపు విషయంలో పెద్ద భూస్వామ్య కంపెనీ తీరును ఆయన బాహాటంగా విమర్శించాడు. చిన్న కౌంటీలో అంత పెద్ద కంపెనీని పేరు పెట్టి విమర్శించటం మాటలు కాదు. కాని ఆ విమర్శతో ఒక్క గట్టు కూడా తెగలేదు. మార్చి మూడో వారంలో బోర్డు అత్యవసరంగా సమావేశమై ఓటు వేసింది. టులేరీ లేక్ కెనాల్ గట్టుకు గండి కొట్టి, నీటిని సరస్సు గర్భంలోని పొలాల్లోకి వదలమని ఆదేశించింది. గట్టు తెగింది అప్పుడే. మాట దారి చూపింది, పని చేసింది మాత్రం ఓటు.

అలాగని మాట వృథా అనుకోరాదు. ముందుగా బహిరంగంగా చర్చ లేకపోతే ఆ ఓటుకు జనం మద్దతు దొరకటం కష్టం. వేసవి నాటికి సరస్సు లక్ష ఎకరాలకు పైగా విస్తరించింది. పంటలు పోయాయి, రోడ్లు మునిగాయి. ఆ పొలాల్లో కూలి చేసుకునే వాళ్ళకు పనులు లేకుండా పోయాయి.

ఇక్కడ మాట్లాడేది ఒక్క కౌంటీ కాదన్న సంగతి కూడా మరువరాదు. పక్కనే టులేరీ కౌంటీలో అలెన్స్‌వర్త్ అనే చిన్న ఊరుంది. 1908లో కర్నల్ అలెన్ అలెన్స్‌వర్త్ నాయకత్వాన నల్లజాతి వారు తమ కోసం తాము కట్టుకున్న ఊరది. ఆ మార్చిలో దానికీ వరద ముప్పు వచ్చి, ఖాళీ చేయమని ఉత్తర్వులు వచ్చాయి. నీటికి కౌంటీ సరిహద్దు తెలియదు, సూపర్‌వైజరుకు మాత్రం బాగా తెలుసు. ఎందుకంటే ఆయన ఓట్లన్నీ సరిహద్దుకు ఇవతలే ఉన్నాయి. కాబట్టి ఏ సూపర్‌వైజరు మాట విన్నా, ఆయన నియోజకవర్గం ఎగువన ఉందా దిగువన ఉందా అని ఒకసారి పటం చూసుకోవటం మంచిది. తాచి తెగవారికైతే ఆ నీరు విపత్తుగా తోచలేదు. పోయిందనుకున్న తమ సరస్సు తిరిగి వచ్చిందని వారు ఒడ్డున ప్రార్థనలు చేశారు. ‘మా ప్రజల అభిప్రాయం’ అని ఒక ప్రతినిధి అన్నప్పుడు ఆ ‘మా’లో ఎవరున్నారో, ఎవరు లేరో కూడా చూడాలన్నమాట.

ఇక ఈ కథలో సైన్సు విద్యార్థిగా నన్ను బాగా ఆకర్షించిన భాగం భూమి కుంగటం. సరస్సు అంచున కార్కొరన్ అనే పట్టణం ఉంది. రెండు రాష్ట్ర జైళ్ళు కూడా అక్కడే ఉన్నాయి. పట్టణాన్ని కాపాడే కరకట్ట పొడవు సుమారు 14 మైళ్ళు. ఆ కట్టను 2017లో ఎత్తు పెంచారు. ఆరేళ్ళు తిరగకముందే అది మళ్ళీ చాలనంత కిందికి దిగింది. కట్ట కరగలేదు, కట్ట కింది నేలే దిగింది.

కారణం చెబుతాను. అక్కడి భూగర్భంలో ఇసుక పొరలూ, బంకమట్టి పొరలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటిలో పేరుమోసిన ఒక బంకమట్టి పొరకు ఈ ఊరి పేరు మీదే ‘కార్కొరన్ క్లే’ అని పేరు. పైనున్న మట్టి బరువులో కొంత రేణువులు మోస్తాయి, కొంత వాటి సందుల్లోని నీటి పీడనం మోస్తుంది. బోర్లు వేసి నీరు తోడేస్తే పీడనం తగ్గి బరువంతా రేణువుల మీద పడుతుంది. ఇసుక పెద్దగా నొక్కుకోదు. బంకమట్టి మాత్రం సన్నని పలకల వంటి రేణువులతో చేసినది కాబట్టి, పేక ముక్కల కట్టను అదిమినట్టు దగ్గరకు నొక్కుకుపోతుంది. తరువాత ఎన్ని వానలు కురిసినా అది తిరిగి పూర్వపు మందానికి రాదు. ఇదే లోయలో మెండోటా దగ్గర 1925 నుంచి 1977 వరకు నేల సుమారు 28 అడుగులు కుంగింది. ఒక స్తంభానికి ఆ సంవత్సరాల పలకలు కట్టి, పక్కన జోసెఫ్ పోలండ్ అనే శాస్త్రజ్ఞుణ్ణి నిలబెట్టి తీసిన ఫోటో ప్రపంచ ప్రసిద్ధం. 1925 నాటి నేల మట్టాన్ని చూపే పలక ఆయన తల పైన ఎక్కడో ఉంటుంది.

2023లో కార్కొరన్ కట్టను మళ్ళీ పెంచటానికి రాష్ట్ర ప్రభుత్వం 1 కోటి 70 లక్షల డాలర్లు ఇచ్చింది. పట్టణం దక్కింది. కాని తోడటం ఆగకపోతే ఆ కొత్త కట్ట కూడా దిగక తప్పదు. వరదను ఆకాశం తెచ్చింది, పల్లాన్ని మాత్రం మనిషి పెంచుకున్నాడు. వరద గురించి మాట్లాడే ప్రతినిధి బోర్ల గురించి కూడా మాట్లాడితేనే ఆయన ప్రకటన పూర్తి అవుతుందని నా అభిప్రాయం.

అది చెప్పినంత తేలిక కాదు. కరకట్ట కావాలని అడిగితే అందరూ చప్పట్లు కొడతారు. బోర్లు తగ్గించండి అంటే అదే రైతు ముఖం చిట్లిస్తాడు. మాకూ బోరు మీద బతికే చేనుంది కాబట్టి ఆ చిట్లింపు నాకు అర్థమవుతుంది. కాలిఫోర్నియా 2014లో భూగర్భ జలాల సుస్థిర నిర్వహణకు చట్టం చేసింది. స్థానికంగానే ప్రణాళికలు వేసుకోండి, చాలకపోతే మేం కలగజేసుకుంటాం అన్నది దాని సారాంశం. టులేరీ సరస్సు ప్రాంతపు ప్రణాళిక చాలదని 2024 ఏప్రిల్ 16న రాష్ట్ర జల బోర్డు ఆ ప్రాంతాన్ని ‘ప్రొబేషన్’లో పెట్టింది. ఆ చట్టం కింద అలా పెట్టటం అదే మొదటిసారి. బోర్లకు మీటర్లు, రుసుములు అనగానే రైతు సంఘం కోర్టుకు వెళ్ళి, అదే సంవత్సరం తాత్కాలిక నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకుంది. నేల, నీరు, కోర్టు మూడూ కలిసినచోట ఒక్క సూపర్‌వైజరు చేయగలిగింది చాలా తక్కువ. ఆ తక్కువలో ముఖ్యమైనది నిజం చెప్పటం.

ఇంతవరకు చూసిన దాన్ని బట్టి, ఏ స్థానిక ప్రతినిధి ప్రకటన విన్నా వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగు కనపడుతున్నాయి. ఒకటి, ఆయన తన మాట చెబుతున్నాడా, సభ తీర్మానం చెబుతున్నాడా? రెండు, చెప్పింది కొలిచి చూడదగిన విషయమా, అభిప్రాయమా? కట్ట ఎత్తు కొలవవచ్చు, కంపెనీ మనసు కొలవలేం. మూడు, చేస్తానన్నది ఆయన అధికారంలో ఉన్నదేనా? కౌంటీ బోర్డు అత్యవసర పరిస్థితిని ప్రకటించగలదు, అధికారి ప్రకటిస్తే ఏడు రోజుల్లోగా ఆమోదించగలదు, కాని కొండల మీది మంచును ఆపలేదు. నాలుగు, తరువాత ఓటు ఎటు వేశాడు? మొదటి మూడింటికి పత్రికలో జవాబు దొరకవచ్చు. నాలుగోదానికి సమావేశపు మినిట్స్ పుస్తకం చూడాలి.

మన దేశంలో 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం ఇచ్చింది. అక్కడ కూడా మాటలు వినపడతాయి, తీర్మానాలు పుస్తకంలో ఉంటాయి. మాటలు వినటానికి వెళ్ళేవాళ్ళే తక్కువ, పుస్తకం అడిగి చూసేవాళ్ళు మరీ తక్కువ. చదువుకున్న మనం సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు ఒకసారి పంచాయతీ ఆఫీసులో ఆ తీర్మానాల పుస్తకం అడిగి, చెరువు గురించి, బోర్ల గురించి అందులో ఏం రాసి ఉందో చదివితే బాగుంటుంది. సర్పంచిగారు సభలో ఏమన్నారో ఊళ్ళో అందరూ చెబుతారు, ఏమి తీర్మానించారో ఆ పుస్తకమే చెప్పాలి.