పిల్లికి పగ లేదు, పేచీ ఇసుకతోనే

పరుపు మీద తడి కనిపించగానే ఇంట్లో వెలువడే తీర్పు ఒకటే: ‘దీనికి పొగరెక్కింది, కావాలనే పోసింది.’ ధర్మవరంలో మగ్గమున్న ఇంట్లోనైతే తడిసేది పట్టునూలు కావచ్చు, కోపం రావడంలో వింతేమీ లేదు. అయితే పిల్లి పగబట్టి తడుపుతుందనడానికి ఆధారం లేదు. ముక్కు పట్టుకుని తడిలో రుద్దితే అది నేర్చుకునేది ఒక్కటే, మనుషుల కంటపడకుండా పోసుకోవడం. ఇసుక డబ్బాను వదిలేసిన కారణం ఒంట్లోనో, డబ్బాలోనో, ఇంటి వాతావరణంలోనో ఉంటుంది.

ముందు ఒళ్లు చూడాలి. డబ్బాలోకి పదేపదే వెళ్లి ముక్కుతున్నా, చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, అందులో ఎరుపు కనిపించినా అది జబ్బే. గండుపిల్లికి మూత్రనాళం సన్నం. అది పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. మలబద్ధకమేమోలే అనుకుని రేపటిదాకా ఆగడమే ఇక్కడ అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పదేళ్లలోపు పిల్లుల్లో ఇలాంటి మూత్రాశయపు బాధ వచ్చినప్పుడు సగానికి పైగా కేసుల్లో రాయీ దొరకదు, సూక్ష్మక్రిమీ దొరకదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి ఈ జబ్బు మీద పనిచేసిన టోనీ బఫింగ్టన్, ఆందోళన దీన్ని రేపుతుందనీ, ఇంటి పరిసరాలను సర్దితే తగ్గుతుందనీ చూపించారు. కిటికీ అవతల తిష్ఠవేసిన వీధిపిల్లి, గోడలకు సున్నాలు, పండక్కి దిగిన చుట్టాలు... మనకు సందడి, దానికి బెంగ.

‘ఎడారి జాతి కదా, నీళ్లతో పనేముంది?’

ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో గడిపే అనంతపురంలో ఈ మాట సబబుగానే తోస్తుంది. పెంపుడు పిల్లికి మూలం పశ్చిమాసియా, ఆఫ్రికాల అడవిపిల్లి. దాహం తక్కువ, మూత్రం చిక్కన. కానీ ఆ అడవిపిల్లికి కావలసిన నీరు ఎలుకలోనే దొరికేది, ఎలుక ఒంట్లో దాదాపు 70 శాతం నీరే. ప్యాకెట్లలో వచ్చే పొడి మేతలో నీరు పది శాతం చుట్టూనే. కాబట్టి ఎండ 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో రెండు మూడు చోట్ల నీళ్ల గిన్నెలు పెట్టి రోజూ మార్చాలి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా ఉడికించిన కోడిమాంసమో చేపో ఆ నీళ్లతో సహా పెడితే మరీ మంచిది. నీళ్లకు బదులు పాలంటారా? ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో ఉన్న నీరూ పోతుంది.

‘డబ్బాలో ఏది పోస్తేనేం?’ అమెరికాలోనూ ఒకప్పుడు బూడిద, ఇసుకే వాడేవారు. 1947లో మిషిగన్ రాష్ట్రంలో ఎడ్ లోవ్, ఇసుక కోసం వచ్చిన ఓ మహిళకు తడి పీల్చే బంకమన్ను ఇవ్వడంతో పెద్ద వ్యాపారమే పుట్టింది. పిల్లులు ఎక్కువగా మెచ్చేది సన్నని, సెంటు కలపని రేణువులను. వేరుశనగ జిల్లా కదా అని గరుకు కాయపొట్టు నింపితే పిల్లి మొహం తిప్పుకోవచ్చు. ఇల్లు కట్టగా మిగిలిన చిత్రావతి నది ఇసుకను జల్లించి పోయడం నయం. తడిసినదాన్ని రోజూ తీసేస్తే డబ్బా కడిగే నీళ్లూ ఆదా. డబ్బా పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి, పిల్లుల సంఖ్య కన్నా ఒక డబ్బా ఎక్కువ ఉండాలి. రెండు పిల్లులున్న చోట ఒకే డబ్బా పెట్టి, రెండోది తప్పు చేసిందనడం అన్యాయం.

పిల్లి తడిపిన చోట ఫినాయిల్ చల్లితే మళ్లీ ఆ మూలకు రాదన్న నమ్మకం గట్టిది. ఫినాలిక్ రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పాదాలకు అంటినదాన్ని నాకితే విషమే. బ్లీచింగ్ పౌడర్ మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఘాటైన హానికర వాయువు పుడుతుంది. ఎంజైమ్ కలిసిన క్లీనర్‌తో తుడవాలి, లేకుంటే మనకు తెలియని వాసన దాన్ని మళ్లీ అక్కడికే లాగుతుంది.

నిలబడి, తోక లేపి గోడకు చిమ్మడం వేరే సంగతి, అది హద్దు గుర్తు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే పదింట తొమ్మిది గండుపిల్లుల్లో ఇది తగ్గుతుంది. ఆడపిల్లులు చిమ్మవని నిశ్చింతగా ఉండేవారూ ఉన్నారు. ఎదకొచ్చినప్పుడు అవీ చిమ్ముతాయి.