చేతికి అందే ఎత్తు

ఆంధ్రదేశంలోని పాత ఇళ్ళలో మెయిన్ స్విచ్చి వసారా గోడకు చాలా ఎత్తున ఉండేది. ఫ్యూజు పోయిన రాత్రి ఇంట్లో పొడగరి ఒకరు స్టూలెక్కగా, మరొకరు టార్చిలైటు పట్టుకొనగా, పింగాణీ పిడిని ఊడబెరికి కొత్త తీగ చుట్టడం ఆ తరం వారికి సుపరిచితమైన దృశ్యం. పిల్లలకు అందరాదన్నది ఆ ఎత్తుకు పెద్దలు చెప్పే కారణం. అమెరికాలో ఇల్లు కొన్నవారికి గ్యారేజీలోనో, బేస్‌మెంటులోనో గోడలో ఇమిడిన బూడిదరంగు బ్రేకర్ పెట్టె కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న ఆలోచన ఇందుకు భిన్నం. ఆపద వేళ విద్యుత్తును ఆపే మీట స్టూలు, నిచ్చెన అవసరం లేకుండా తక్షణం చేతికి అందాలి.

1897లో మొదట వెలువడి, మూడేళ్ళకొకసారి సవరింపబడే నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఈ ఎత్తును నిర్దేశించింది. మీట అత్యున్నత స్థానంలో ఉన్నప్పుడు దాని పిడి మధ్యభాగం నేల నుండి 6 అడుగుల 7 అంగుళాలకు, అనగా 2 మీటర్లకు మించరాదు. పలువురు పెట్టె పై అంచు వరకు కొలుస్తారు, అది పొరపాటు. కొలవవలసినది అన్నింటికంటే పైనున్న బ్రేకర్ మీటకు. ఈ కోడ్ స్వయంగా చట్టం కాదు. రాష్ట్రమో, నగరమో స్వీకరించిన ప్రతికే అక్కడ చట్టబలం ఉంటుంది. అందువల్ల స్థానిక ఇన్‌స్పెక్టరు మాటే తుదిమాట.

అయితే 2 మీటర్లన్నది గరిష్ఠ పరిమితియే గాని ఆదర్శం కాదు. అయిదడుగుల ఎత్తున్న తల్లిగారు మునివేళ్ళపై నిలిచినా ఆ మీట అందడం కష్టం. దాని పక్కనున్న అక్షరాలు చదవడం మరింత కష్టం. ఈ విషయంలో ఇంగ్లండు మరికొంత ముందాలోచన చూపింది. అక్కడి గృహనిర్మాణ మార్గదర్శకాల ప్రకారం కొత్త ఇళ్ళలో ఈ మీటలు నేల నుండి 1350, 1450 మిల్లీమీటర్ల నడుమ ఉండాలి. అది నిలుచున్న వ్యక్తికి ఇంచుమించు భుజాల ఎత్తు. అమెరికాలో కొత్త ఇల్లు కట్టించుకొనేవారు గోడలు మూయకముందే బిల్డరును అడిగితే, పెట్టెను కొంత కిందికి దించడానికి కోడ్ అడ్డురాదు.

ఎత్తు సరిగా ఉన్నా చాలదు. పెట్టె ముందు 3 అడుగుల లోతు, కనీసం 30 అంగుళాల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు మేర స్థలం ఖాళీగా ఉంచాలి. అక్కడ సామాను నిల్వ చేయరాదు. మన గ్యారేజీలలో సరిగ్గా ఆ చోటనే సోనామసూరి బియ్యం బస్తాలు, పండుగకు తెచ్చిన పెద్ద గుండిగలు పేరుకుంటాయి! వైరు కాలుతున్న వాసన వచ్చినప్పుడు బస్తాల మీదుగా వంగి చీకటిలో తడుముకోవలసిన మీట, ఇంటి కప్పుకు బిగించిన మీటతో సమానం. బట్టల అలమరలలో, స్నానాల గదులలో ఈ పెట్టెను అమర్చడం నిషిద్ధం. మెట్లకు పైనా కూడదు. బేస్‌మెంటును గదులుగా మార్చేటప్పుడు పెట్టె చుట్టూ గోడ కట్టి బట్టల అలమరగా చేసుకొనేవారు ఈ నిషేధాన్ని ముందే తెలుసుకోవాలి.

పెట్టె తలుపు లోపల ఏ మీట ఏ గదిదో తెలిపే పట్టిక ఉండాలని కూడా కోడ్ చెబుతోంది. స్వదేశం నుండి వచ్చి నెలల తరబడి పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే తల్లిదండ్రుల కోసం దాని పక్కనే తెలుగులో ‘వంటగది’, ‘పడకగది’ అని వ్రాసిన కాగితం అంటించవచ్చు. మరలు విప్పితే గాని రాని లోపలి రేకును మాత్రం ఎవరూ తీయరాదు. మెయిన్ బ్రేకర్ ఆపినా, వీధి నుండి వచ్చే తీగలలో విద్యుత్తు ఉంటూనే ఉంటుంది.