టెంటు నుంచి వేగాస్ దాకా: మా ట్రిప్పూ, ఒక చిన్న లెక్కా

పోయిన ఎపిసోడ్‌లో మా వేగాస్ ట్రిప్ గురించి మాట్లాడుకున్నాం. నవ్వులతోనే సరిపోయింది, లెక్కలు చెప్పడానికి టైం చాల్లేదు. అవి ఇక్కడ రాస్తున్నా. నేను ఐటీఐ చదివి, పదేళ్లు గల్ఫ్ సైట్లలో చేసి, ఇప్పుడు కాలిఫోర్నియాలో సైట్ సూపర్వైజర్‌గా ఉన్నా. రాయడం అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మేం నలుగురం, ఒకటే కారు, నవంబర్ మొదటి వారం. మొదటి రాత్రి జాషువా ట్రీ నేషనల్ పార్కులో, జంబో రాక్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. అక్కడ నీళ్ల కుళాయి ఉండదు. మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలన్, అంటే నాలుగు లీటర్లకి కొంచెం తక్కువ, మనమే మోసుకెళ్లాలి. వంటకి, గిన్నెలకి వేరే. పార్కులో పుల్లలు ఏరి మంట పెట్టకూడదు, కట్టెలు బయట కొనుక్కోవాలి. పగలు చొక్కా చాలు, రాత్రికి మాత్రం వణుకు పుడుతుంది. ఎడారి మట్టి వేడిని దాచుకోదు కదా. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ తీసుకెళ్లాం. తిన్నాక అన్నీ కార్లో పెట్టి తాళం వేశాం, లేకపోతే నక్కల్లాంటి కయోటీలు వస్తాయి. ఆ రాత్రి చుక్కలు చూస్తూ పడుకుంటే, చిన్నప్పుడు డాబా మీద నవారు మంచం గుర్తొచ్చింది. ఖర్చు చూస్తే, తలా ఒక పూట హోటల్ భోజనమంత కూడా కాలేదు.

పొద్దున్నే ట్వంటీనైన్ పామ్స్‌లో ట్యాంకు నింపి, ఆంబోయ్ మీదుగా మోహావే ఎడారి గుండా వెళ్లాం. ఆ దారిలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మధ్యాహ్నానికి వేగాస్.

ఇక అసలు సంగతి. మాలో అందరికంటే చిన్నవాడు రూలెట్ బల్ల దగ్గర కూర్చున్నాడు. పేరు చెప్పను, కానీ జరిగింది చెప్పమని వాడే అడిగాడు. ఎరుపు మీద 15 డాలర్లు పెట్టాడు. ఓడితే రెట్టింపు, మళ్లీ ఓడితే మళ్లీ రెట్టింపు. "అన్నా, ఎప్పుడో ఒకసారి ఎరుపు పడాలి కదా, అప్పుడు పోయిందంతా వచ్చేస్తుంది" అన్నాడు. కాసేపు బాగానే నడిచింది. తర్వాత వరసగా ఆరుసార్లు ఓడాడు. 15, 30, 60, 120, 240, 480. మొత్తం 945 డాలర్లు. ఏడోసారి 960 పెట్టాలి. చేతిలో మిగిలింది 255. అదీ పెట్టాడు, అదీ పోయింది. మొత్తం 1,200. ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి స్లాబ్ వేయడానికి దాచిన డబ్బు అది.

ఎందుకు పోయిందో చూద్దాం. అక్కడి చక్రంలో 38 గళ్లు. ఎరుపు 18, నలుపు 18, ఆకుపచ్చవి రెండు: సున్నా, రెండు సున్నాలు. ఎరుపు మీద పెడితే గెలిచేవి 18, ఓడేవి 20. కానీ గెలిస్తే ఇచ్చేది మాత్రం సరిసమానం. ఆ రెండు గళ్లే కాసినో కూలి. వంద డాలర్ల పందేనికి సగటున 5 డాలర్ల 26 సెంట్లు వాళ్లవి. గంటకి 40 సార్లు, సారికి 15 డాలర్లు ఆడితే, గంటకి సగటున 32 డాలర్ల దాకా పోతాయి. సున్నాలు మూడు ఉన్న బల్లలు కూడా ఉన్నాయి, అక్కడ వాటా ఇంకా ఎక్కువ.

మరి రెట్టింపు పద్ధతి? వరసగా ఆరుసార్లు ఓడడం దాదాపు 47లో ఒకసారి జరుగుతుంది. మిగతా 46 సార్లూ వచ్చేది 15 చొప్పున 690. ఆ ఒక్కసారి పోయేది 945. పైగా ముందు పడ్డ నంబర్లు బోర్డు మీద చూపిస్తారు. చక్రానికి జ్ఞాపకం ఉండదు, ఆ బోర్డు మన కోసమే. మా గోదావరి వైపు సంక్రాంతి బరుల దగ్గర గుండాట చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఎవరు గెలిచినా చివరికి బల్ల వేసినవాడే బాగుపడతాడు.

మర్నాడు పొద్దున హూవర్ డ్యామ్‌కి వెళ్లాం. వాడు దారంతా మాట్లాడలేదు. ఆ డ్యామ్ ఎత్తు 726 అడుగులు. కాంక్రీట్ అంతా ఒకేసారి పోస్తే లోపలి వేడి చల్లారడానికి వందేళ్లకు పైనే పట్టేదట. అందుకే దిమ్మలు దిమ్మలుగా పోసి, మధ్యలో ఒక అంగుళం స్టీలు పైపులు వేసి చల్లటి నీళ్లు పంపారు. తర్వాత ఆ పైపుల్ని గ్రౌట్‌తో నింపేశారు.

నన్ను ఆపింది ఇంకో విషయం. నెవాడాలో జూదం చట్టబద్ధం అయ్యిందీ, ఈ డ్యామ్ పని మొదలైందీ ఒకే సంవత్సరం, 1931. కూలీల కోసం కట్టిన బౌల్డర్ సిటీలో ప్రభుత్వం జూదాన్ని రానివ్వలేదు. ఇప్పటికీ అక్కడ కాసినో లేదు. జీతం అందగానే చాలామంది వేగాస్ దారి పట్టేవాళ్లు. మన లేబర్ క్యాంపుల్లో జీతం రోజు రాత్రి పేకాట చూసినవాణ్ణి నేను. జీతం ఎక్కడ పడుతుందో బల్ల అక్కడికి వస్తుంది.

ఇప్పుడు మేం పాటించేవి చెప్తా. తలా ఒక కవర్, అందులో 60 డాలర్ల నగదు. అది సినిమా టికెట్ లాంటి ఖర్చు, తిరిగి రాదనే లెక్క. కార్డులన్నీ రూములో సేఫ్‌లో. పోయింది తిరిగి తెచ్చుకుందాం అని నోటి నుంచి వస్తే, ఆ నిమిషమే లేవాలి. ఇంటికి పంపే డబ్బు ట్రిప్‌కి ముందే పంపేయాలి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. అమెరికాలో ఉండి ఆట మానలేకపోతున్నవాళ్లు 1-800-426-2537కి ఫోన్ చేయొచ్చు. సిగ్గు పడాల్సింది ఏం లేదు.

మిగతా ముగ్గురం కలిసి వాడికి తలా కొంత చేబదులు ఇచ్చాం. సంక్రాంతికి ముందు పడాల్సిన స్లాబ్ మార్చిలో పడింది. ఫోటో పంపాడు. క్యూరింగ్‌కి నీళ్లు కట్టారా లేదా అని ముందు అదే చూశా. కట్టారు.