బ్యాటరీ బండ్లు: ఇంటియొద్ద చేయదగిన పరీక్షలు, చేయరాని పనులు

మన గ్రామములయందు పాలకేంద్రమునకు క్యానులు చేర్చుటకును, పొలమునకు పోయివచ్చుటకును, సంఘపు గిడ్డంగినుండి ఎరువుబస్తా తెచ్చుకొనుటకును బ్యాటరీ బండ్లను వాడువారు నానాట హెచ్చుచున్నారు. పెట్రోలు ఖర్చు లేదు. ఇంజను నూనె మార్చు పని లేదు. అయితే బండి మొరాయించినంతనే "బ్యాటరీ పోయినది" అను తీర్పు వెలువడుచున్నది. బండి వెలలో పెద్ద భాగము బ్యాటరీదే గనుక ఈ తీర్పు రైతునకు మిక్కిలి ఖరీదైనది. అది నిజమో కాదో చాలవఱకు ఇంటియొద్దనే తెలిసికొనవచ్చును.

ఇటీవల సంఘసభ్యులొకరు క్రొత్త బ్యాటరీ కొనుటకై అప్పు దరఖాస్తు వ్రాసికొని నాయొద్దకు వచ్చిరి. రాత్రియంతయు ఛార్జింగు పెట్టినను బండి రెండు కిలోమీటర్లు దాటుట లేదని వారి ఫిర్యాదు. వారి యింటికి పోయి చూడగా సాకెట్టు రంధ్రములు వదులై, లోపలి రేకు నల్లగా మాడియుండెను. ఛార్జరు దీపము వెలుగుచు ఆఱుచు నుండెను. అదే ఛార్జరును ప్రక్కయింట పెట్టగా తెల్లవాఱునప్పటికి బ్యాటరీ నిండెను. సాకెట్టు మార్చుటతో పని తీఱినది. దరఖాస్తును వారే చించివేసిరి.

బోరు మోటారు నీరు పోయనప్పుడు మనము చేయు పనియేమి? కరెంటున్నదా, ఫ్యూజు నిలిచినదా, స్టార్టరు పట్టుచున్నదా అని ముందు చూతుము. అవియన్నియు సరిగా నున్నపుడే గదా మోటారును పైకి తీయింతుము. బ్యాటరీ బండికిని ఇదియే వరుస. సాకెట్టు, ఛార్జరు, తీగల అతుకులు, బ్యాటరీ అని నాలుగు మజిలీలు. వెలుపలినుండి లోపలికి పోవలెను.

1. సాకెట్టు: ప్లగ్గు పెట్టినపుడు వదులుగా నున్నను, వేడెక్కినను, మాడిన వాసన వచ్చినను దానిని వాడరాదు. సన్నని పొడుగు తీగలతో ఛార్జింగు పెట్టుట తగదు; అవి కాగి కరగును. ఇంటి కరెంటు 230 వోల్టులు. ఊరి మోటార్లన్నియు ఒక్కసారి నడచు వేళ వోల్టేజి పడిపోవును. అప్పుడు ఛార్జరు సరిగా పనిచేయకపోవచ్చును. మఱియొక వేళ, మఱియొక యింట పెట్టి చూచినచో తేడా తెలియును. పొలములో స్టార్టరు పెట్టెనుండి తీగ లాగి ఛార్జరునకు కలుపుట మహాప్రమాదము. అచట రెండు ఫేజుల నడుమ సుమారు 400 వోల్టులుండును. ఛార్జరు క్షణములో కాలిపోవును, మనిషికిని ముప్పే.

2. ఛార్జరు: పెక్కు ఛార్జర్లలో నిండుచున్నపుడు ఎఱ్ఱదీపమును, నిండిన పిమ్మట పచ్చదీపమును వెలుగును. బ్యాటరీ ఖాళీగా నుండగా పెట్టినంతనే పచ్చదీపము వచ్చినచో కరెంటు బ్యాటరీని చేరుట లేదని యర్థము. దారిలో ఏదో తెగినది. దీపమే రానిచో సాకెట్టునో ఛార్జరునో అనుమానింపవలెను. కొన్ని ఛార్జర్లు బ్యాటరీకి తగిలించిన పిమ్మటనే కరెంటు నిచ్చును గనుక, మీటరు సున్న చూపినంతమాత్రమున ఛార్జరు చెడినదని తీర్మానింపరాదు. అట్టి బండియే గల పొరుగువారి ఛార్జరుతో చూచుట మేలు. అయితే అది అన్నివిధముల ఒకే రకమై యుండవలెను. 48 వోల్టుల పేరుతో అమ్మబడు లిథియము బ్యాటరీలలోనే ఒక రకము 54.6 వోల్టులకు నిండును. మఱియొక రకము 58.4 వోల్టులకు నిండును. పేరొకటే గదా యని ఒకదాని ఛార్జరు వేఱొకదానికి పెట్టుట అగ్నితో ఆట.

3. అతుకులు: సీటు క్రింద ఎమ్‌.సి.బి. మీట గాని ఫ్యూజు గాని యుండును. గతుకుబాటలో మీట పడిపోవుటయు కలదు. దానిని మరల ఎత్తి చూడవలెను. వెంటనే మరల పడినచో ఎత్తుటకు ప్రయత్నింపక మెకానికునకు చూపవలెను. ప్లగ్గులో దుమ్మును, పచ్చని చిలుమును, కరగిన గుర్తులును వెదకవలెను. సీసపు బ్యాటరీల కొనలయందు తెల్లని బూజువంటిది పట్టినచో, ముందు మీట దించి, మైనసు తీగ విప్పి, వంటసోడా కలిపిన నీట ముంచి పిండిన గుడ్డతో తుడిచి, ఆఱిన పిమ్మట బిగించి, వేసలీను పూయవలెను.

4. బ్యాటరీ: సీసపు రకములో 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు చేర్చిన 48, అయిదు చేర్చిన 60 వోల్టులగును. ఇవి ఒకే కాడికి వరుసగా కట్టిన ఎడ్లవంటివి. ఒకటి కుంటిదైనచో అన్నియు ఆగును. పూర్తిగా నింపి, కొన్ని గంటలు ఊరకుంచి, మల్టీమీటరును డి.సి. వైపు త్రిప్పి ఒక్కొక్కదానిని కొలువవలెను. మంచిది సుమారు 12.6 మొదలు 13 వోల్టులవఱకు చూపును. తక్కినవి ఇట్లుండగా ఒకటి మాత్రము 10.5 ప్రాంతమున నిలిచినచో దానిలోని ఆఱు అరలలో ఒకటి చచ్చినదని గ్రహింపవలెను. కొలుచునపుడు మీటరు కొనలు రెండును ఒకదానికొకటి తగులరాదు.

లిథియము రకములో కొలిచి విడదీయు పని మనది కాదు. అందు రక్షణకై ఒక పలక యుండును. మితిమీఱిన వేడియైనను, మితిమీఱి ఖాళీయైనను అది కరెంటును ఆపివేయును. మండుటెండలో వచ్చి ఆగిన బండి, నీడలో చల్లాఱిన పిమ్మట నడచినచో అది చెడుట కాదు. కాపలావాడు తన పని చేసెనని తెలియవలెను.

దూరము తగ్గినదను ఫిర్యాదునకు ముందు టైరులలో గాలి చూడుడు. బండిని స్టాండు వేసి చక్రమును చేతితో త్రిప్పుడు. బ్రేకు పట్టుచున్నచో చక్రము బరువుగా తిరుగును. రెండును సరిగా నుండియు దూరము ఏండ్లమీద కొంచెము కొంచెముగా తగ్గినచో అది వయస్సు. ఒక్కసారిగా తగ్గినచో లోపము. ఒకే బాటను, ఒకే బరువుతో పోయిన దూరమును నెలకొకసారి పుస్తకములో వ్రాసికొన్నవారికి ఈ భేదము సులభముగా తెలియును.

ఇక చేయరాని పనులు. 2022 ఏప్రిలులో నిజామాబాదునందును విజయవాడయందును ఇంటిలోపల ఛార్జింగునకు పెట్టిన బ్యాటరీలు ప్రేలి ప్రాణనష్టము కలిగెను. తరువాత ప్రభుత్వమువారు ఏ.ఐ.ఎస్. 156 అను భద్రతా ప్రమాణమును కఠినతరము చేసి, 2022 డిసెంబరు, 2023 మార్చి నెలలనుండి రెండు విడతలుగా అమలుపఱచిరి. ప్రమాణమెంత మంచిదైనను వాడువాని జాగ్రత్తకు బదులు కానేరదు. కావున పడకగదిలోను, గుమ్మమునకు అడ్డముగాను, గడ్డివామి చెంతను ఛార్జింగు పెట్టరాదు. అందఱు నిదురించు వేళ పెట్టి మఱచిపోరాదు. ఎండలో తిరిగివచ్చిన వెంటనే పెట్టక, చేతికి వేడి తగులనంతగా చల్లాఱనీయవలెను. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో ఉదయపు వేళయే మేలు.

ఉబ్బిన, పగిలిన, వరదనీట మునిగిన, క్రిందపడి సొట్టపోయిన బ్యాటరీకి ఛార్జింగు పెట్టరాదు. బుసమను చప్పుడుగాని పొగగాని వచ్చినచో దానిని మోసికొని పోవలెనని చూడక, మనుష్యులను ముందు వెలుపలికి పంపి, వీలైనచో మెయిను ఆపి, 101కి ఫోను చేయవలెను. పెట్టె సీలు విప్పినచో ప్రాణభయమేగాక గ్యారంటీయు పోవును.

పాతబడిన బ్యాటరీని పెరటిలో పగులగొట్టించి సీసము అమ్మరాదు. ఆ ధూళి పిల్లలకు విషము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములప్రకారము వానిని తిరిగి తీసికొను బాధ్యత తయారీదారులది. అమ్మినవానికే అప్పగించి రశీదు పొందుడు.

ప్రతి సంఘమును ఒక మల్టీమీటరు కొని కార్యాలయమునందుంచి, దానిని వాడుట తెలిసిన ఒకరిని నియమించినచో, బ్యాటరీకై వచ్చు ప్రతి అప్పు దరఖాస్తునకు ముందు ఈ నాలుగు మజిలీల పరీక్ష జరుగును. సంఘపు సొమ్మును, సభ్యుని సొమ్మును ఆ చిన్న మీటరు కాపాడునని నా నమ్మకము. పాలకవర్గములవారు దీనిని వచ్చు సమావేశమున ఆలోచింతురు గాక.