ఆటలో వరి ఎన్నాళ్ల పంట?

మా నాన్న వింటే నవ్వుతాడు గాని, ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అనే వీడియో ఆటలో వరి 8 రోజులకే కోతకొస్తుంది. నీటి ఒడ్డున నాటితే 6 రోజులే! ఇందులో ఏ అంకె నిజం? రెండూనూ. ఆటగాళ్లే రాసుకునే వికీలో పేచీలన్నీ ఇలాంటి చోటే పుడతాయి.

పార్స్‌నిప్ దుంప అసలు ధర 35. ‘టిల్లర్’ వృత్తి ఎంచుకున్నవాడికి 10 శాతం ఎక్కువ గనుక 38 వస్తుంది. నా ఆటలో 38 చూసి, వికీలోని 35 కొట్టేసి దిద్దాను. ఎవరో వెంటనే తిరిగి మార్చి, ‘మీ వృత్తి ఏమిటి?’ అని అడిగారు. ‘వ్యవసాయం’ అనబోయి నాలుక కరుచుకున్నాను! ఉష్ణోగ్రత రాయకుండా రీడింగు ఒక్కటే రాస్తే మన ల్యాబులో ఊరుకుంటారా? పైగా వెండి నక్షత్రం దుంపకో ధర, బంగారు నక్షత్రానికో ధర. 2024లో 1.6 వెర్షను వచ్చాక కొన్ని పాత అంకెలే చెల్లలేదు. అందుకే ఇప్పుడు వెర్షను, వృత్తి, నాణ్యత కాగితం మీద రాసుకున్నాకే అంకె జోలికెళ్తున్నాను.