పని విరమించిన పోలీసు మోటారుబండి: దానమునకు తగునా?

పోలీసు శాఖవారు కొన్నియేండ్లు వాడి తీసివేసిన మోటారుబండి యేదైన నొక అనాథశరణాలయమునకో, వైద్యశాలకో, గ్రామ సహకార సంఘమునకో దానముగా వచ్చిన బాగుండునని తలచువారు పలువురు కలరు. తలంపు మంచిదే. అట్టి బండి యింకను నడచుచునే యుండవచ్చును. రోగిని పట్టణపు ఆసుపత్రికి చేర్చుటకును, విత్తనములు, మందులు తెచ్చుటకును అక్కరకు రావచ్చును. అయినను ఈ దానములో దాత తలచిన విలువ యొకటి, పుచ్చుకొన్నవారికి నిజముగా చేరు విలువ యొకటి. ఈ రెంటికిని గల దూరమును, దానిని తగ్గించు మార్గమును సభ్యులకు వివరించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

దానముగా వచ్చిన ఆవునకు పండ్లెంచరాదని మనలో సామెత కలదు. కాని కఠోపనిషత్తులో నచికేతుడు, తన తండ్రి పాలుడిగిన ముసలి గోవులను దక్షిణగా ఇచ్చుచుండుట చూచి కలతపడెను. పండ్లెంచవలసిన భారము ముందుగా ఇచ్చువానిదని ఆ కథవలన తెలియుచున్నది. మోటారుబండి విషయమున ఇచ్చువాడును, పుచ్చుకొనువాడును ఇరువురును ఎంచవలసినదే.

అమెరికాలో జరిగినది

బండ్ల దానము విరివిగా సాగు దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములు. అచ్చటి పోలీసు బండ్లలో ఫోర్డు కంపెనీవారి క్రౌన్ విక్టోరియా మిక్కిలి పేరుగాంచినది. దాని తయారీ 2011లో నిలిచిపోయెను. పోలీసువారు తీసివేసిన బండ్లు సాధారణముగా వేలమునకు వచ్చును. ప్రజల సొత్తును ప్రైవేటువారికి ఊరక ఇయ్యరాదని అచ్చటి పలు రాష్ట్రముల రాజ్యాంగములు నిషేధించుట ఇందుకొక కారణము. వేలములో కొన్నవారు కొన్నాళ్లు వాడుకొని, పిమ్మట ధర్మసంస్థకు ఇత్తురు. ధర్మసంస్థయు తరచుగా ఆ బండిని తాను నడుపక, మరల అమ్మించి, వచ్చిన పైకమును తన పనులకు వినియోగించును.

ఇట్లు దానమిచ్చినవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు కలదు. 2004వ సంవత్సరాంతము వరకును దాత తాను కట్టిన బజారు విలువనే చూపి మినహాయింపు పొందగలిగెను. 2003లో అచ్చటి పార్లమెంటుకు చెందిన లెక్కల తనిఖీ శాఖవారు ఈ సంగతిని విచారించిరి. 2000వ పన్ను సంవత్సరమున సుమారు 7,33,000 పన్ను పత్రములలో బండ్ల దానము చూపబడెననియు, తన్మూలమున 65 కోట్ల 40 లక్షల డాలర్ల పన్ను తగ్గెననియు వారు అంచనా వేసిరి. 54 బండ్ల చరిత్రను విడివిడిగా పరిశీలింపగా, వానిలో ఇంచుమించు మూడింట రెండువంతుల బండ్ల విషయమున, దాత చూపిన విలువలో నూటికి 5 వంతులో, అంతకు తక్కువయో మాత్రమే ధర్మసంస్థకు ముట్టెనని తేలెను. దాత నూరని చెప్పినచోట ధర్మమునకు అయిదైనను చేరలేదన్నమాట. బండిని తరలించు ఖర్చు, వేలపు ఖర్చు, మధ్యవర్తుల రుసుము కొంత తినివేసెను. విలువను హెచ్చుగా కట్టుట కొంత కారణమయ్యెను.

అంతట 2004లో చట్టమును సవరించిరి. 2005 మొదలు, 500 డాలర్లకు మించిన మినహాయింపు కోరినచో, ధర్మసంస్థ ఆ బండిని అమ్మగా వచ్చిన సొమ్మునకు మించి సాధారణముగా చూపరాదు. ధర్మసంస్థ తానే దానిని తగినంతగా వాడినను, గట్టిగా బాగుచేయించినను, పేదవారికి చౌకగా ఇచ్చినను మాత్రమే బజారు విలువ చెల్లును. ఈ నియమములో మనకును పనికివచ్చు సూత్రమున్నది. దానము విలువ దాత మాటలో లేదు. బండి చేయు పనిలో గాని, అమ్మిన పైకములో గాని యున్నది.

మన దేశపు నియమములు

మన దేశమునను ప్రభుత్వపు పాత బండ్లు సాధారణముగా వేలము మూలముననే బయటికి వచ్చును. కావున పోలీసు కచేరి మనకు నేరుగా ఇచ్చుట కంటె, వేలములో కొన్న గృహస్థుడు మనకు దానమిచ్చుటయే తరచుగా జరుగదగినది. అపుడు ఈ క్రింది సంగతులు చూడవలయును.

మొదటిది, వయస్సు. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న కేంద్ర నియమము ప్రకారము, ప్రభుత్వపు బండి 15 ఏండ్లు దాటిన వెంటనే దాని రిజిస్ట్రేషను ముగియును. శాంతిభద్రతలకు, దేశరక్షణకు వాడు ప్రత్యేకపు బండ్లకు, కవచపు బండ్లకు మాత్రము మినహాయింపు కలదు. తక్కినవానిని రిజిస్టరైన తుక్కు కేంద్రమునకే పంపవలయును. వేలము ప్రకటనలో బండిని నడుపుటకు అమ్ముచున్నారా, తుక్కుక్రింద అమ్ముచున్నారా యని ముందుగా చదువవలయును. తుక్కుక్రింద పోయిన బండి మరల రోడ్డెక్కదు.

రెండవది, కాగితములు. వేలములో కొన్నవాడు బండి స్వాధీనమైన 30 దినములలోపల 32వ నంబరు ఫారముతో తన పేరునకు మార్పించుకొనవలయును. ఆ తరువాతనే మనకు ఇయ్యగలడు. మనకు ఇచ్చునపుడు 29, 30 నంబర్ల ఫారములు రవాణా కచేరిలో దాఖలు కావలయును. పేరు మారక మునుపు జరిగిన ప్రమాదమునకు ఎవరు బాధ్యులని తగవులు పుట్టి, కోర్టులకెక్కిన కుటుంబములు తక్కువ కావు.

మూడవది, బీమా. ఇది పలువురు మరచు సంగతి. మోటారు బండ్ల చట్టము ప్రకారము వ్యాపారమునకు గాక వాడు ప్రభుత్వపు బండ్లకు నిర్బంధ బీమా అక్కరలేదు. కావున పోలీసు బండికి అంతవరకు బీమాయే లేకపోవచ్చును. ప్రైవేటు యజమానికి ఆ మినహాయింపు చెల్లదు. బీమా చేయనిదే బండిని సంఘపు ఆవరణ దాటింపరాదు. దాత అప్పటికే బీమా చేసియున్నచో, పేరు మారిన 14 దినములలోపల బీమా కంపెనీకి దరఖాస్తు చేసి ఆ పత్రమును మన పేరునకు మార్పించుకొనవలయును.

నాలుగవది, గుర్తులు. పోలీసు అను అక్షరములు, శాఖాచిహ్నము, కప్పుపైని రంగుదీపములు, సైరను, వైర్‌లెసు పరికరములు పూర్తిగా తీసివేయింపవలయును. మోసపుటుద్దేశముతో ప్రభుత్వోద్యోగి గుర్తును ధరించుట భారతీయ న్యాయ సంహిత 205వ సెక్షను క్రింద నేరము. మనకట్టి ఉద్దేశము లేకున్నను, పాత గుర్తులున్న బండిని మరియొకడు దుర్వినియోగము చేయుట సులభము.

అయిదవది, వాడుక. జీపునకు ఎఱ్ఱరంగు గుర్తువేసి అంబులెన్సని పిలిచినంతమాత్రమున అది అంబులెన్సు కాజాలదు. అంబులెన్సు నిర్మాణమునకు ఏ.ఐ.ఎస్. 125 అను ప్రత్యేక ప్రమాణము కలదు. బండి రూపమును మార్పవలెనన్నను రవాణా కచేరి అనుమతి కావలయును.

ఇంజను సంగతి

పోలీసు బండి తిరిగిన మైళ్లనుబట్టి మాత్రమే దాని స్థితిని నిర్ణయింపరాదు. కూడళ్లలోను, బందోబస్తులలోను అది గంటల తరబడి ఇంజను ఆపక నిలిచియుండును. అట్లు నిలిచి నడచిన ఒక గంట, అరుగుదలలో సుమారు 33 మైళ్ల, అనగా 53 కిలోమీటర్ల, ప్రయాణమునకు సమానమని ఫోర్డు కంపెనీవారి లెక్క. మీటరులో లక్ష కిలోమీటర్లే యున్నను ఇంజను రెండు లక్షలు నడచినట్లు అరిగియుండవచ్చును. దుక్కిటెద్దును కొనునపుడు కొమ్ములు చూచి ఊరకుండక నాలుగడుగులు నడిపించి చూచు రైతునకు ఈ మాట వేరుగా బోధింపనక్కరలేదు. మనతో వ్యవహారము లేని మెకానిక్కుచేత ఇంజను, గేరుపెట్టె, బ్రేకులు, చట్రము పరీక్ష చేయించి, వ్రాతమూలకమైన నివేదిక తీసికొనవలయును.

సంఘము వేసికొనవలసిన లెక్క

ఊహకొక లెక్క వేయుదము. డ్రైవరు జీతము నెలకు 12,000 రూపాయలైన ఏడాదికి 1,44,000. డీసెలుకు నెలకు 5,000 చొప్పున 60,000. టైర్లకు, మరమ్మతులకు 50,000. బీమాకు, ఇతరములకు 10,000. వెరసి 2,64,000 రూపాయలు. సభ్యులు 300 మందియైనచో తలకు 880 రూపాయలు పడును. బండి నెలకు 20 మారులు, అనగా ఏడాదికి 240 మారులు తిరిగినచో ఒక్కొక్క పోకకు 1,100 రూపాయలగును. అదే పోకకు అద్దెబండి 900 రూపాయలకే దొరకుచో, ఉచితముగా వచ్చిన బండి మారుమారునకు 200 రూపాయల నష్టము తెచ్చుచున్నదన్నమాట. నెలకు 40 పోకలున్నచో, డీసెలు ఖర్చు రెట్టించినను, పోక యొకటికి 675 రూపాయలే పడును. కావున ముందు తేల్చుకొనవలసినది బండి వెల కాదు, మన యూరి పని యెంత యనునది. ప్రతి సంఘమును తన అంకెలు తానే వేసికొనవలయును.

పని చాలదని తేలినచో దాతను నొప్పింపక, బండిని ఆయనయే అమ్మి ఆ పైకమును ఇయ్యుడని కోరుట మేలు. ఇందు దాతకును ఒక లాభము కలదు. మన ఆదాయపు పన్ను చట్టము, ఆమోదము పొందిన సంస్థలకు ధనరూపమున ఇచ్చిన దానమునకే మినహాయింపు ఇచ్చును గాని వస్తురూపమున ఇచ్చినదానికి ఇయ్యదు. నగదుగా ఇచ్చినచో 2,000 రూపాయలకు మించినది లెక్కకు రాదు గనుక, చెక్కు మూలముగా ఇయ్యవలయును.

స్వీకరింప నిశ్చయించినచో పాలకవర్గము ముందు తీర్మానము చేసి, బండి స్థితిని, ఏటి ఖర్చును, ఆ ఖర్చు వచ్చు మార్గమును మినిట్సు పుస్తకములో వ్రాయవలయును. ఆస్తుల రిజిస్టరులో చేర్చి, ప్రయాణముల పుస్తకమును మహాజన సభలో సభ్యులెల్లరు చూచునట్లు ఉంచవలయును. ఎవరి పనిమీద, ఎంత దూరము పోయినది వ్రాయబడని బండి, కొలదికాలములోనే ఒకరిద్దరి సొంతబండి యగును. అపుడు ఖర్చు మూడువందల మందిది, సుఖము ఇద్దరిదగును.

దాతృత్వము మెచ్చదగినదే. సొమ్ము సంఘముది గనుక పుచ్చుకొనువారికి వివేకము అంతకంటెను అవసరము. పండ్లెంచి, లెక్కవేసి, కాగితములు సరిచూచి, అటుపిమ్మట పగ్గము చేతబట్టుట సహకారులకు తగిన పద్ధతి.